వర్తక చిహ్నముల చరిత్ర – ఏడవ ప్రకరణము: ఊరిపేరు ఎవరి సొత్తు?

1876వ సంవత్సరము జనవరి 1వ తేదీన లండను నగరమున ట్రేడ్‌మార్కుల రిజిస్టరు తెరువబడుటయు, బర్టన్ పట్టణమున బీరు కాచు బాస్ కంపెనీవారి ఎఱ్ఱ త్రికోణము అందు మొట్టమొదటి చిహ్నముగా నమోదగుటయు గత ప్రకరణమున వివరించియుంటిమి. త్రికోణమునకు పుట్టినిల్లు లేదు. దానిని ముందుగా తన సీసాపై అంటించుకొన్న వర్తకుడు ఎవరి నోటి కూడును తీసినవాడు కాడు. ఊరిపేరు అట్టిది కాదు. అది వర్తకుడు పుట్టకమునుపే పుట్టినది. ఆ ఊర కాపురముండు ప్రతి కమ్మరికిని, ప్రతి సాలెకును తాను చేసిన వస్తువుపై తన ఊరిపేరు వ్రాసికొను హక్కు కలదని, ఏ శాసనమును చెప్పనక్కరలేకయే లోకము అంగీకరించుచు వచ్చినది. అయినను ఒక వర్తకుడు ఏండ్ల తరబడి నిజాయితీతో ఒక సరకును చేసి, దానిని తన ఊరిపేరుతోనే అమ్ముచుండగా, ఆ పేరు చెవినిబడినంతనే కొనువారికి ఊరు గాక ఆ సరకే స్ఫురించునట్టి కాలము వచ్చునేని, అప్పుడు ఆ పేరు ఎవరిదగును? పందొమ్మిదవ శతాబ్దపు న్యాయమూర్తులను ఈ ప్రశ్న వేధించినంతగా వర్తక చిహ్నముల చరిత్రలో మఱియేదియు వేధించలేదనుట అతిశయోక్తి కాదు.

ఈ చిక్కును మొదట సూటిగా ఎదుర్కొన్నవాడు ఇంగ్లండు లార్డు ఛాన్సలరు వెస్ట్‌బరీ ప్రభువు. రిచర్డ్ బెథెల్ అను పేర న్యాయవాదిగా ప్రసిద్ధికెక్కి, పదునైన మాటకు పేరుమోసిన యీతని యెదుటికి 1864లో వచ్చిన వ్యాజ్యము చూచుటకు మిక్కిలి స్వల్పమైనది. అతిమధురము వేళ్ళ రసమును కాచి, గట్టిపఱచి, కడ్డీలుగా చేసి అమ్ము ఒక కంపెనీవారు, కొంత అనటోలియా దేశపు వేళ్ళతోను కొంత స్పెయిను దేశపు వేళ్ళతోను 1861లో ఒక క్రొత్త రకము తయారుచేసి, ఆ కడ్డీలపై ‘అనటోలియా’ అని ముద్రవేసిరి. సరకు త్వరలోనే పేరుపొందెను. అంతట మఱియొక కంపెనీవారు అదే ముద్రతో కడ్డీలు చేయ మొదలిడిరి. వారు న్యాయస్థానమున చెప్పుకొన్నది సహేతుకముగానే కనబడును: అనటోలియా యనునది ఒక దేశము, ఆ దేశపు వేళ్ళను కొను ప్రతివాడును ఆ పేరు వాడుకొనవచ్చును, ఒక దేశపు పేరుపై ఒక్కనికే స్వామ్యమెట్లు కలుగును? దీనికి వెస్ట్‌బరీ ప్రభువు ఇచ్చిన సమాధానము తరువాతి వాదములన్నిటికిని మూలకందమైనది. అన్ని ప్రయోజనములకును ఆ మాట నీదే యని ఎవరును అనలేరు. కాని ఒకానొక అమ్ముడు సరకుపై ముద్రగా వేయబడి, సంతలో ఆ సరకునకు గుఱుతుగా నిలిచినంతవఱకు ఆ మాట ఆ వర్తకుని సొత్తు కాగలదని ఆయన నిర్ణయించి నిషేధాజ్ఞ యిచ్చెను. దేశమును అట్లే యుంచి, కడ్డీమీది మాటను మాత్రము వేఱుచేసి చూచిన యీ వివేకమును మనము తేలికగా తీసికొనరాదు.

మఱుసటి యేడే పదవిని కోల్పోయిన ఆ వెస్ట్‌బరీ ప్రభువే, 1872లో ప్రభువుల సభయందు న్యాయాసనముపై నుండగా, ఇంతకంటె కఠినమైన వ్యాజ్యము వచ్చెను. స్కాట్లండులో పేస్లీ పట్టణమునకు చేరువ గ్లెన్‌ఫీల్డ్ అని ఒక చిన్న చోటు కలదు; పట్టణము కాదు, పేరుగల గ్రామమును కాదు, కొద్దిమంది మాత్రమే నివసించు భూమి. వాదర్‌స్పూన్ అను కుటుంబమువారు అక్కడ బట్టలకు పెట్టు గంజిపొడి చేసి, దానిని ‘గ్లెన్‌ఫీల్డ్ గంజి’ యని అమ్మిరి. రాణీగారి చాకిరేవున సైతము అదే వాడుదురని చాటించుకొనునంతటి కీర్తి దానికి వచ్చెను. ఆ పొడి వ్యాపించిన యిండ్లలో గ్లెన్‌ఫీల్డ్ అనునది ఒక స్థలమని యెఱిగినవారు ఎందఱుండిరో చెప్పలేము గాని, గంజి యని యెఱుగనివారు లేరు. కొంతకాలమునకు వాదర్‌స్పూన్‌వారు తమ కర్మాగారమును పేస్లీ దరినే మఱియొక చోటికి మార్చుకొనిరి; పేరును మాత్రము మార్చలేదు. అప్పుడు కరీ యను మఱియొక గంజి వ్యాపారి గ్లెన్‌ఫీల్డులో కొంత స్థలము సంపాదించి, అక్కడ గంజి చేసి, పొట్లముపై గ్లెన్‌ఫీల్డ్ అని వ్రాసి అమ్మసాగెను.

ఇందలి వైపరీత్యమును పాఠకులు నెమ్మదిగా పరిశీలింతురుగాక. గ్లెన్‌ఫీల్డులో నిజముగా గంజి చేయువాడు కరీ. గ్లెన్‌ఫీల్డు విడిచిపోయినవారు వాదర్‌స్పూన్‌లు. అక్షరసత్యమును మాత్రమే తూచినచో త్రాసు కరీవైపే మొగ్గవలెను. కాని కరీ గ్లెన్‌ఫీల్డునకు పోయినది అక్కడి నీటికొఱకు గాని, పనివారికొఱకు గాని కాదు. ఆ పేరుకొఱకే పోయెను. గ్లెన్‌ఫీల్డ్ అను మాట ఈ సరకు విషయమున తన సహజార్థమునుండి పూర్తిగా తొలగిపోయి, ఒక రెండవ యర్థమును, అనగా వాదర్‌స్పూన్‌వారి గంజి యను నర్థమును, సంపాదించుకొన్నదని వెస్ట్‌బరీ ప్రభువు పలికెను. ప్రభువుల సభ కరీని నిషేధించెను. నేటికిని ట్రేడ్‌మార్కు శాస్త్రమున నిత్యము వాడుకలోనున్న ‘ద్వితీయార్థ’ సిద్ధాంతమునకు ఈ గంజిపొడియే ఆధారము. నిజము చెప్పుచునే మోసగింపవచ్చునని ఈ తీర్పు గుర్తించినది. అబద్ధమును పట్టుకొనుట సులభము. మోసగించుటకై యెన్నుకొన్న నిజమును పట్టుకొనుటకు న్యాయమూర్తికి లోకవ్యవహార జ్ఞానము కావలెను.

ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, 1891లో, ఈ సిద్ధాంతము తన తుదిమేరను చేరెను. స్టాఫర్డ్‌షైర్‌లో స్టోన్ అను పట్టణమున జూల్ వంశీయుల పేరిట నడచు బట్టీలో నూఱేండ్లకు పైగా కాచుచుండిన బీరునకు ‘స్టోన్ ఏల్’ అని పేరు. మాంట్‌గమరీ యనునతడు అదే పట్టణమున క్రొత్తగా బట్టీ కట్టి, తన బీరును కూడ ఆ పేరుతోనే పిలువబూనెను. అతడు ఊర లేనివాడు కాడు. అతని బీరు ఆ ఊర కాగినదే. ఐనను ప్రభువుల సభ అతడు తన సరకును ‘స్టోన్ ఏల్’ అని అమ్మరాదని శాసించెను. పేరు క్రింద తగిన వివరణము చేర్చి అమ్ముకొనరాదా యను వాదమునకు మాక్నాటెన్ ప్రభువు, దప్పిగొన్నవారికి కావలసినది బీరే గాని వివరణములు కావని సమాధానమిచ్చెను. ఈ మాట న్యాయవాదుల నోళ్ళలో నేటికిని నానుచున్నది. మాకు మాత్రము ఈ తీర్పు కొంత కఠినముగనే తోచును. ఒక పట్టణమున పుట్టి పెరిగినవాడు రేపు నిష్కపటముగా బట్టీ పెట్టుకొన్నను, తన సరకును తన ఊరిపేరుతో పిలుచుకొనలేడు గదా! కాని మాంట్‌గమరీ నిష్కపటి కాడని ఆ ప్రభువులకు సాక్ష్యమువలన దృఢముగా తోచియుండెను. తీర్పులోని కాఠిన్యమునకు మూలము అదియే.

ఇట్లు న్యాయస్థానములు అనుభవముచే ఒక్కొక్క మెట్టు ఎక్కుచుండగా, శాసనకర్తలు భయపడి తలుపు మూసిరి. 1888 నాటి సవరణ చట్టము నమోదు కాగల పదములను పేర్కొనుచు, అవి భౌగోళిక నామములు కాకూడదని స్పష్టముగా నిషేధించెను. భూమిమీద ఎక్కడో ఒకచోట ఒక పేరున్నంత మాత్రమున అది భౌగోళిక నామమగునా యను సందేహము 1897లో ‘మాగ్నోలియా’ యను లోహమిశ్రమము విషయమున తలయెత్తెను. అమెరికాలో ఆ పేరుగల ఊళ్ళు కలవు. అందుపై రిగ్బీ యను న్యాయమూర్తి, ఎవరికిని అంతగా తెలియని ఒక చిన్న ద్వీపమునకు ‘కోతి’ యని పేరున్నంతనే ఆ జంతువు పేరు భౌగోళిక నామమైపోదని చెప్పి, ఆ భయమును తొలగించెను. తరువాతి 1905 చట్టము సామాన్య వ్యవహారమున భౌగోళిక నామముగా వాడబడునది యను మాటను చేర్చుకొనెను.

అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలి ఒడ్డున ఆలోచన వేఱుదారిన నడచెను. పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి లాకవానా లోయ గట్టి రాక్షసిబొగ్గునకు ప్రసిద్ధము. డెలావేర్ అండ్ హడ్సన్ కెనాల్ కంపెనీవారు ఆ లోయలో గనులు త్రవ్వి, హోన్స్‌డేల్ నుండి హడ్సన్ నదీతీరము వఱకు 108 మైళ్ళ కాలువ త్రవ్వించి, 1828 నుండి ఆ కాలువపై పడవలతో బొగ్గు చేరవేసి, ‘లాకవానా బొగ్గు’ అను పేరును విపణికి పరిచయము చేసిరి. తరువాత ఆ ప్రాంతముననే యితరులు త్రవ్విన బొగ్గును ప్రావిడెన్స్ నగరమున క్లార్క్ అను వర్తకుడు అదే పేరుతో అమ్మగా, కంపెనీవారు వ్యాజ్యము వేసిరి. 1871లో అమెరికా సుప్రీంకోర్టు వారికి ప్రతికూలముగా తీర్పుచెప్పెను. ఒక ప్రాంతపు పేరు సరకు పుట్టిన చోటును చూపునే గాని చేసినవానిని చూపదనియు, గోదుమలు, బొగ్గు మొదలగు సామాన్య సరకులకు ఊరిపేరు చేర్చి దానిని తన సొత్తనుట ప్రజల నోరు కట్టుటయే యగుననియు ఆ తీర్పు సారాంశము. ఆ బొగ్గునకై కాలువను త్రవ్వించినది కంపెనీయే; కాని బొగ్గును భూమిలో పెట్టినది కంపెనీ కాదు. ఇక్కడ సుప్రీంకోర్టు చెప్పినదే సబబని మా నమ్మకము.

బొగ్గు భూమి యిచ్చునది. గడియారము చేయి యిచ్చునది. కావుననే అదే దేశమున వాల్థమ్ కథ వేఱుగా ముగిసినది. మసాచుసెట్స్ రాష్ట్రమున ఆరన్ డెనిసన్ అను గడియారముల పనివానికి ఒక అపూర్వమైన యూహ పుట్టెను. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారమున తుపాకుల భాగములను, ఒకదానికి బదులు మఱియొకటి అమరునట్లు యంత్రములతో చేయుట చూచి, జేబుగడియారమును గూడ అట్లేల చేయరాదని అతడు తలచెను. అంతవఱకు గడియారమనగా ఒక్కొక్క పనివాడు ఆకురాయితో రాచి, సరిచూచి, కూర్చినది. ఒకదాని చక్రము మఱియొకదానికి పట్టదు. 1850లో రాక్స్‌బరీలో ఆరంభమైన ఆ ప్రయత్నము, 1854లో చార్లెస్ నదీతీరమునందలి వాల్థమ్ అను పట్టణమునకు తరలెను. 1857 నాటి ఆర్థిక సంక్షోభమున కంపెనీ దివాలా తీసి వేలమునకు రాగా, రాయల్ రాబిన్స్ అను వర్తకుడు దానిని కొని నిలిపెను. అమెరికా అంతర్యుద్ధమున సైనికులు తమ జీతములతో వాల్థమ్ గడియారములు కొనుక్కొనిరి. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమునకు వచ్చిన స్విస్ ప్రతినిధి ఫావ్ర్-పెరె ఆ గడియారములను చూచి దిగ్భ్రాంతుడై, స్వదేశమునకు పోయి తన తోటి పారిశ్రామికులను హెచ్చరించెను. గడియారములకు ఆటపట్టయిన స్విట్జర్లండే ఉలికిపడినదన్న, వాల్థమ్ అను మాటకు ఎంతటి విలువ చేకూరినదో ఊహింపవచ్చును.

అటువంటి వేళ అదే వాల్థమ్‌లో యునైటెడ్ స్టేట్స్ వాచ్ కంపెనీ యను మఱియొక సంస్థ వెలసెను. దానిని ప్రారంభించినవారిలో చార్లెస్ వాండర్ వోర్డ్ ఒకడు. అతడు పాత కర్మాగారమున యంత్రములను పర్యవేక్షించిన నేర్పరి, స్వయముగా యంత్రములను కనిపెట్టినవాడు. క్రొత్త కంపెనీ తన గడియారముల పలకలపై ‘వాల్థమ్, మాస్.’ అని చెక్కించుకొనెను. అది అబద్ధము కాదు. ఆ గడియారములు వాల్థమ్‌లోనే తయారైనవి. పాత కంపెనీవారు న్యాయస్థానమునకు పోయిరి. 1899లో మసాచుసెట్స్ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానమున తీర్పు వ్రాసినవాడు, తరువాత అమెరికా సుప్రీంకోర్టున విఖ్యాతుడైన ఆలివర్ వెండెల్ హోమ్స్.

హోమ్స్ తీర్పు చిన్నది; కాని ఈ చరిత్రలో మాకు మిక్కిలి ప్రియమైనది. పాత కంపెనీ ఆ మాటను మొదట ఊరిపేరుగనే వాడినదనియు, కాలక్రమమున అది కొనువారి మనసులలో ఆ కంపెనీ గడియారమునకే గుఱుతైనదనియు ఆయన ఒప్పుకొనెను. ఆ మాటను క్రొత్తవారు వాడనే కూడదని మాత్రము శాసింపలేదు. ముందుగా రంగములోనికి వచ్చినవాడు, తరువాత వచ్చువారు తమ న్యాయమైన పేర్లతో తన గిరాకీని మోసముగా మరలించుకొనకుండ, వ్యాపారమున సాధ్యమైనంత మేరకు తగు జాగ్రత్త తీసికొనవలెనని వారిని కోరవచ్చును; అంతే. కావున క్రొత్త కంపెనీ, పాత కంపెనీ సరకునుండి తన సరకును స్పష్టముగా వేఱుపఱచు మాట చేర్చక ‘వాల్థమ్’ అని వ్రాయరాదని ఆయన ఆజ్ఞాపించెను. స్టోన్ తీర్పునకును దీనికిని గల అంతరమును గమనింపవలెను. అక్కడ ఊరిపేరు నోటనుండి తీసివేయబడినది; ఇక్కడ దానిని ప్రక్క మాటతో పలుకుమనిరి. వాల్థమ్ అను పేరునకు ఆ విలువ తెచ్చినది రాబిన్స్ ధనమొక్కటే కాదు. ఆకురాళ్ళు విడిచి యంత్రముల ముందు కూర్చుండి, వెంట్రుకవంటి స్ప్రింగులను అమర్చిన వందలాది స్త్రీ పురుషులు కూడ దానిని తెచ్చినవారే. వాండర్ వోర్డ్ వారిలో ఒకడు. తన చేతులు పేరు తెచ్చిన పట్టణమున నిలిచి తన పట్టణపు పేరు పలుకరాదనుట అన్యాయము. పలికి ఇంకొకరి సరకని కొనువానిని నమ్మించుట అంతకంటె అన్యాయము. హోమ్స్ ఈ రెండు అన్యాయముల నడుమ దారి తీసెను.

వాల్థమ్‌నుండి నేర్పరులను రప్పించుకొని, 1864లో చికాగోలో ఏర్పడి, ఇల్లినాయ్ రాష్ట్రపు ఎల్గిన్ పట్టణమున కర్మాగారము కట్టుకొన్న మఱియొక గడియారముల కంపెనీకి ఇంత అదృష్టము పట్టలేదు. అదే పట్టణమున గడియారపు డిప్పలు చేయువారు వాటిపై ‘ఎల్గిన్’ అని చెక్కగా, వారిపై తెచ్చిన వ్యాజ్యమును 1901లో అమెరికా సుప్రీంకోర్టు త్రోసివేసెను. ఊరిపేరు చెల్లుబాటగు ట్రేడ్‌మార్కు కానేరదనియు, ఉభయులు ఒకే రాష్ట్రమువారగుటచే అన్యాయపు పోటీని గూర్చిన ఫిర్యాదును తాము విచారింపలేమనియు ప్రధాన న్యాయమూర్తి ఫుల్లర్ నిర్ణయించెను. ద్వితీయార్థము సంపాదించిన భౌగోళిక నామమునకు రిజిస్టరులో ధారాళముగా చోటిచ్చినది 1946 నాటి లాన్‌హామ్ చట్టము. బ్రిటనులోనో, 1954లో గూడ రాగి గొట్టములకు ‘యార్క్‌షైర్’ అను పేరు నమోదుచేయుటకు ప్రభువుల సభ నిరాకరించెను. ఆ పేరు వర్తకులలో ఆ కంపెనీ సరకునే సూచించునని అందఱు నంగీకరించినను, అంత పెద్ద మండలపు పేరును ఒక్కనికి వ్రాసియిచ్చుటకు ఆ సభకు మనసొప్పలేదు.

భారతదేశము ఈ వాదమును బ్రిటిషు చట్టముతోపాటు వారసత్వముగా పొందెను. 1940 నాటి మన ట్రేడ్‌మార్కుల చట్టము బ్రిటనులో 1938లో చేసిన చట్టము ననుసరించినది. 1958 చట్టమును, సామాన్యార్థమున భౌగోళిక నామమగు పదమునకు రిజిస్టరు తలుపును సులభముగా తెరువలేదు. ఇంపీరియల్ టొబాకో కంపెనీవారు మంచుకొండల చిత్రముతో ‘సిమ్లా’ అను సిగరెట్టు పెట్టె నమోదునకు పంపగా రిజిస్ట్రారు నిరాకరించెను. 1977లో కలకత్తా హైకోర్టు ఆ నిరాకరణమును సమర్థించెను. సిమ్లా పొగాకునకు ప్రసిద్ధమైన చోటు కాకపోయినను, అంతటి ప్రసిద్ధ నగరపు పేరు స్వభావతః ఒక్కని సరకును వేఱుపఱచి చూపజాలదని న్యాయస్థానము తలచినది. పొగాకు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పక తీరదు: మన గుంటూరు మండలపు రైతు 1920ల నుండి పండించుచు, బ్యారన్లలో మగ్గబెట్టుచు వచ్చిన ఆకు పేరు ‘వర్జీనియా’. అమెరికాలోని ఒక రాష్ట్రపు పేరు తన పుట్టినచోటును పూర్తిగా మఱచి, ఒక ఆకు జాతికి పేరై, గుంటూరు సంతలలో తెలుగు మాటవలె చెల్లుచున్నది. ఎవరును కాపాడని ఊరిపేరు చివరకు ఇట్లు అందఱిదగును, తన ఊరికి మాత్రము చెందక.

ఈ రెండు గతులకును నడుమ మూడవ గతి యొకటి గలదని మన పార్లమెంటు 1999లో అంగీకరించెను. ఆ యేట చేసిన ట్రేడ్‌మార్కుల చట్టమును, భౌగోళిక సూచనల చట్టమును ఒకే దినమున, 2003 సెప్టెంబరు 15న, అమలులోనికి వచ్చినవి. మొదటిది, వాడుకవలన విశిష్టత సంపాదించిన ఊరిపేరు ఒక్కనిది కావచ్చుననెను. రెండవది, ఊరిపేరు అచటి పనివారందఱిదియు కావచ్చుననెను. ఈ రెండవ చట్టముక్రింద డార్జిలింగ్ తేయాకు పిమ్మట త్వరలోనే పోచంపల్లి ఇకత్ నమోదైనది. నూలును చిటికి కట్టి రంగులద్ది నేయు ఆ విద్య పోచంపల్లిలో పుట్టినది కాదు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో చీరాల నేతగాండ్రనుండి నల్లగొండ ప్రాంతమునకు వచ్చినది. పోచంపల్లి పేరున వచ్చిన రక్షణ ఆ ఒక్క ఊరికే గాక, కొయ్యలగూడెము, చౌటుప్పల్ మొదలగు చుట్టుప్రక్కల మగ్గములకు గూడ వర్తించును. విద్య ఒకచోట, మగ్గములు పలుచోట్ల, పేరు ఇంకొకచోట నున్నను, ఆ పేరును వంచకుని చేతినుండి కాపాడుకొను హక్కు నేయువారందఱికిని దక్కినది. చీరాలనుండి కదలివచ్చి పుట్టపాకలో నిలిచిన తేలియా రుమాలు 2020లో తన పేరిట వేఱుగా నమోదైనది.

ఊరిపేరును ఊరివారందఱి ఉమ్మడి ఆస్తిగా లోకమున గట్టిగా పట్టుకొన్నవారిలో ప్రముఖులు ఫ్రాన్సు దేశమునందలి షాంపేన్ ప్రాంతపు ద్రాక్షతోటల రైతులు. ఆ రైతులు 1911లో తమ పేరుకొఱకు సారాయపు కొట్లకు నిప్పంటించి, సైన్యమును ఎదుర్కొన్న వృత్తాంతము వచ్చు సంచికలో.